ఎవరిదీ కాని రెండడుగుల తొమ్మిదంగుళాలు

సాయిబుగారు పోయిన పన్నెండో రోజు పొద్దున, ఆయన రోజూ కుర్చీ వేసుకునే చోట రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. ఒక్కొక్కటి ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. రెండూ ఒకే షాపులో వేయించినట్టున్నారు, అక్షరాల రంగు కూడా ఒకటే. మొదటిదాంట్లో సాయిబుగారి ఫొటో అడుగుంబావు ఉంటే, వేయించిన పెద్దమనిషి ఫొటో రెండున్నర అడుగులు ఉంది. రెండోదాంట్లో సాయిబుగారు ఇంకో మూడంగుళాలు తగ్గారు. అక్కడ కమిటీ సభ్యులు తొమ్మిదిమంది ఉన్నారు, అందరికీ చోటు కావాలి కదా. రెండింటి మీదా ఒకే మాట: 'మత సామరస్యానికి నిలువెత్తు నిదర్శనం'. ఆయన నిలువెత్తు అయిదడుగుల ఒక అంగుళం. బతికుండగా ఆ అయిదడుగుల ఒక అంగుళాన్ని ఆ చోటు నుంచి లేపడానికి ఈ రెండు ఫ్లెక్సీల వాళ్ళూ చెయ్యని ప్రయత్నం లేదు.

ముందువైపు కట్టిన ఫ్లెక్సీ వెనకదాన్ని పూర్తిగా కప్పేసింది. గొడవ అక్కడ మొదలైంది. ఆ జాగా ఎవరిదో తేలితే ముందు ఎవరు కట్టాలో తేలుతుందని మధ్యాహ్నానికల్లా ఇద్దరూ తహసీల్దారు ఆఫీసుకి కబురు పెట్టారు. ఆఫీసు వాళ్ళు పాత కాగితం తీసి చూస్తే దాని మీద నా సంతకం ఉంది. నన్ను టేపు పట్టుకుని రమ్మన్నారు. ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు సాయిబుగారి సంగతి చెప్పాలి.

నేను కలప అడితిలో కొలతలు వేస్తాను. దుంగ పొడవూ చుట్టుకొలతా చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పడం నా పని. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, లెక్క మాత్రం దుంగల దగ్గరే నేర్చుకున్నాను. బడిలో నల్లబల్ల ముందు ఒక్కరోజూ నిలబడకపోయినా ఊళ్ళో నన్ను 'లెక్కల మేష్టారు' అంటారు. మా అడితి కాలువ గట్టున ఉంది. ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అవతల చిన్న మసీదు. సాయిబుగారు ఆ మసీదులో అజా ఇచ్చి నమాజుకి పిలిచేవారు, తుడిచేవారు, నీళ్ళు పట్టేవారు. ఇరవై రెండేళ్ళు ఆయన్ని రోజూ చూశాను.

మొదట చెప్పవలసింది ఆయన దగ్గు. మైకు ముందు నిలబడి ఒక్కసారి దగ్గేవారు. దగ్గినందుకు ఏమీ అనుకోకండి అన్నట్టు ఆగేవారు. నాలుగు సెకన్లు. తరవాత అజా. మా వీధిలో సగంమంది అజాకి కాదు, ఆ దగ్గుకే లేచేవారు. టిఫిన్లమ్మ దగ్గు వినగానే పొయ్యి వెలిగించేది. అజా వేళ సూర్యుణ్ణి బట్టి జరుగుతుంది. జూన్‌లో నాలుగుంబావు ప్రాంతంలో ఇస్తే, జనవరిలో అయిదు దాటితే గాని ఇవ్వరు. అందుచేత మా వీధిలో చలికాలం ఇడ్లీ గంట ఆలస్యంగా దిగేది. ఆ గంట ఎక్కడికి పోతోందో తెలియక టిఫిన్లమ్మ ఏటా గ్యాసు కంపెనీని తిట్టేది. "చలికి గ్యాసు ముడుచుకుపోతందండి" అని నాకే చెప్పింది. నేను లెక్క వేసి చూపించాను. నమ్మలేదు.

అజా అయ్యాక అవసరమైతే ప్రకటనలుండేవి. తప్పిపోయిన గేదెలు, దొరికిన తాళాలు, పోలియో చుక్కలు, గోదావరికి నీళ్ళెక్కువొస్తున్నాయన్న కబురు, అన్నీ ఆయన గొంతులోనే. ఒకసారి ఇలా చెప్పారు: "అయ్యా, ఎర్ర రిబ్బను కట్టుకున్న పాప మన మసీదు అరుగు మీద ఉందండి. కుడికాలికి ఒకటే పట్టీ ఉంది. రెండోది ముందునుంచీ లేదో, ఇప్పుడు పడిపోయిందో మాకు తెలీదండి. పాప బెంగపెట్టుకోలేదు, జంతిక తింటోంది. తల్లిగారు కూడా బెంగపెట్టుకోకుండా నెమ్మదిగా రావచ్చండి." తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. పాప రెండో జంతిక అయ్యేదాకా కదలనంది.

ఇక ఆయన అసలు పని సాయంత్రం నమాజు అయ్యాక ఉండేది. జ్వరమొచ్చిన పిల్లలని, పాలు తాగని పిల్లలని, నిద్రలో ఉలిక్కిపడే పిల్లలని తీసుకుని తల్లులు మసీదు గుమ్మం ముందు నిలబడేవారు. సాయిబుగారు బయటికొచ్చి, ఏదో చదివి, బిడ్డ మొహం మీద మూడుసార్లు ఊదేవారు. ఈ ఆచారం నేను పుట్టకముందునుంచీ ఉంది. మా అమ్మ నన్నూ తీసుకెళ్ళింది. వచ్చేవాళ్ళలో పదింట ఎనిమిదిమంది హిందువులు, ఒకరో ఇద్దరో చర్చికి వెళ్ళేవాళ్ళు. మామూలు రోజున ఆరేడుగురు పిల్లలు, శుక్రవారం పదిహేడు దాకా. అడితి గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి. ఊదే ముందు ఆయన ఒక లవంగం నోట్లో వేసుకునేవారు.

"ఎందుకండీ లవంగం?" అని అడిగాను.

"నేను బీడీ తాగుతానండి. జ్వరంతో ఉన్న బిడ్డ మొహాన బీడీ వాసన ఊదితే దేవుడు ఒప్పుకున్నా తల్లి ఒప్పుకోదండి" అన్నారు.

ఆయనకి ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు ఎవరికైనా ఊదుతారు. రెండోరోజు వస్తే చెయ్యి చాపుతారు, "ఆసుపత్రి చీటీ ఏదమ్మా?" అని. చీటీ లేకపోతే రెండో ఊదు లేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. చీటీ మీద డాక్టరు రాసిన వరసలు వేలితో లెక్కపెట్టి, తల్లి చేతిసంచీలోకి తొంగిచూసేవారు.

"మూడు వరసలున్నాయి. నీ దగ్గర రెండు రకాలే ఉన్నాయేం?"

"మూడోది బలానికటండి సాయిబుగారూ. ఇంట్లో గుడ్లున్నాయి కదాని..."

"గుడ్డు వరస వేరమ్మా. డాక్టరుగారు రాసినది పట్టుకురా, అప్పుడు ఊదుతాను."

నేను లెక్క తప్ప ఇంకేదీ నమ్మేవాణ్ణి కాదు. ఓసారి నలభై రోజులు కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఊదించుకున్న పిల్లలకి జ్వరం ఎన్నాళ్ళలో తగ్గింది, ఊదించుకోనివాళ్ళకి ఎన్నాళ్ళలో తగ్గింది అని రెండు గళ్ళు గీశాను. తేడా ఏమీ ఉండదని నా ధీమా. తీరా చూస్తే ఊదించుకున్నవాళ్ళకి ఒకటిన్నర రోజు ముందే తగ్గింది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడోరోజు విషయం తట్టింది. పరుగున రోడ్డు దాటి వెళ్ళాను.

"మీ ఊదు వల్ల కాదండి, మీరడిగే చీటీ వల్ల తగ్గుతోంది" అన్నాను.

"ఆయ్, అంతే కదండి మరి" అన్నారాయన, నేను నీళ్ళు పల్లానికి పోతాయని చెప్పినట్టు. "కానీ వట్టి చీటీ అడుగుతానని కూర్చుంటే ఎవరొస్తారండి?"

నా టేపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. యాభై అడుగుల ఉక్కు టేపు. కొన్న ఏడాదే రంపం కింద పడి మొదలు తెగిపోయింది. తెగినంత మేర ప్రతి కొలతలోనూ తీసేసి చెబుతాను. కొత్తది కొనుక్కోమని అందరూ అంటారు. తప్పెంతో తెలిసిన టేపు, తప్పు తెలియని టేపు కన్నా మేలని నా అభిప్రాయం. వీధిలో ఎక్కడ కొలిచినా రెండో కొస పట్టుకునేది సాయిబుగారే. నేను అంకె చెప్పగానే అడిగేవారు, "తీసెయ్యాల్సింది తీసేశారాండి?" అని. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న కనీసం మూడొందల సార్లు విన్నాను. "తీసేశానండి" అనేవాణ్ణి. అప్పుడే చేతిలో కొస వదిలేవారు.

ఇక ఫ్లెక్సీల పెద్దమనుషులు. ఒకాయన రిటైరైన గుమస్తా. ఆయన్ని వీధిలో పిటిషన్లగారు అంటారు. మసీదు మీద అప్పటికి పంతొమ్మిది పిటిషన్లు పెట్టారు. మైకు శబ్దం మీద ఆరు, మినారు ఎత్తు మీద నాలుగు, శుక్రవారం రోడ్డు పక్కన పెట్టే మోటారు సైకిళ్ళ మీద మిగతావి. మినారు ఎత్తు నన్నే కొలిచి పెట్టమన్నారు. కొలిచిపెట్టాను. ఆయన అనుకున్నదానికన్నా నాలుగడుగులు తక్కువ వచ్చింది, అప్పటినుంచి కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆయన కూతురి పెళ్ళికి పప్పూ పులుసూ ఉడికింది మసీదు డేగిసాల్లోనే. వీధిలో అంత పెద్దవి ఇంకెక్కడా లేవు మరి. ఆయన పిటిషన్ రాసుకునే వేళ చూసి ఆయన భార్య మనవడికి ఊదించుకుపోయేది. అన్నవరం వెళ్ళొస్తే సాయిబుగారికి ప్రసాదం కూడా పంపేది.

రెండో ఆయన మసీదు కమిటీకి కొత్త కార్యదర్శి. రాజమండ్రిలో ఫ్రిజ్‌ల షాపు నడిపి వచ్చాడు. పుస్తకాలు చదివినవాడు. ఊదడం, తాయెత్తులు, ఇవన్నీ మతంలో లేవని, మూఢాచారాలని ఆయన పట్టుదల. ఫొటోలు కూడా కూడదనేవాడు. ఫ్లెక్సీ మీద ఆయనదీ ఫొటోయే.

ఆరేళ్ళ కిందట పక్కూరి పెళ్ళికొచ్చిన ఎవరో సాయిబుగారు ఊదుతుండగా ఫోన్లో వీడియో తీశారు. నలభై రెండు సెకన్లు. అది నాలుగు రోజుల్లో ఎక్కడెక్కడికో వెళ్ళింది. మా ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా మా వీధి గురించి దెబ్బలాడుకున్నారు. దరిమిలా రెండు పిటిషన్లు వచ్చాయి. పసిపిల్లలని ఊది మతం మారుస్తున్నాడని పిటిషన్లగారిది. ఊది మతాన్ని చెడగొడుతున్నాడని కార్యదర్శిది. జీవితంలో ఏ విషయంలోనూ కలవని ఇద్దరు పెద్దమనుషులు అడిగింది మాత్రం ఒక్కటే: సాయిబుగారు ఊదడం ఆపాలి.

ఆపేశారు. సాయంత్రం నమాజవగానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారు. తల్లులు కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. మూడో వారానికి లెక్కపెట్టడానికి నాకెవరూ మిగల్లేదు.

అప్పుడు టిఫిన్లమ్మ మనవరాలికి జ్వరమొచ్చింది. మూడేళ్ళ పిల్ల. టిఫిన్లమ్మ ప్రతి సాయంత్రం వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది. ఈ రోజు తెరవకపోతారా, రేపు తెరవకపోతారా అని నాలుగు రోజులు. ఊదిస్తే ఆయన చీటీ అడుగుతాడు, అప్పుడు ఆసుపత్రికి వెళ్దాం అనుకుంది. ఆమె బుర్రలో వరస అదే, పదహారేళ్ళుగా అలవాటైన వరస. అయిదోరోజు పిల్లకి ఫిట్స్ వచ్చాయి. కాకినాడ పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులుంది. బతికింది.

ఆ తొమ్మిది రోజులూ సాయిబుగారు అజా ఇచ్చాక అడితికి వచ్చి దుంగ మీద కూర్చునేవారు. ఒక్కరోజే మాట్లాడారు.

"చీటీ ఏదని ఒక్కమాట అడిగితే పోయేది కదండి. తలుపేసుకు కూర్చున్నాను" అన్నారు.

నేను టేపు తీసి, కొలిచిన దుంగనే మళ్ళీ కొలిచాను.

అందరికంటే ముందు కోపమొచ్చింది మా ఆరోగ్యకేంద్రం నర్సమ్మకి. ఆమె లూథరన్ చర్చిలో ఆదివారం పాటలు పాడే మనిషి, గొంతు పెద్దది. ఆ గొంతుతోనే తహసీల్దారుగారి దగ్గరికి వెళ్ళింది. తహసీల్దారుగారు అందరినీ పిలిచారు. నన్ను కూడా, నలభై రోజుల కాగితంతో సహా. రెండు పిటిషన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మీరేమో ఈయన మతంలోకి లాగుతున్నాడంటున్నారు. మీరేమో బయటికి లాగుతున్నాడంటున్నారు. చెరో వైపూ లాగితే ఎక్కడి పిల్లలు అక్కడే ఉంటారు కదండీ?"

"హాస్యం కాదండి. రోడ్డు అందరిదీనండి. రోడ్డు మీద ఊదకూడదు" అన్నారు పిటిషన్లగారు.

"మసీదు నమాజుకండి. మసీదులో ఊదకూడదు" అన్నాడు కార్యదర్శి.

"అయితే ఎక్కడ ఊదమంటారు?"

"ఎక్కడా వద్దండి!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు.

నర్సమ్మ లేచింది. "ఊదే సంగతి నాకు తెలీదండి, నా రిజిస్టరు సంగతి చెప్తాను. ఈయన ఊదినన్నాళ్ళూ ఆ వీధినుంచి నెలకి ముప్ఫై నలభై మంది పిల్లలొచ్చేవారు. ఈ నెల ఏడుగురండి. జ్వరాలు తగ్గిపోయాయా? లేదు. చీటీ అడిగే మనిషి లేడు. మీ ఇద్దర్లో ఎవరు అడుగుతారో చెప్పండి, రేపట్నించి కుర్చీ వేస్తాను."

ఇద్దరిలో ఎవరూ కుర్చీ అడగలేదు.

తహసీల్దారుగారు సాయిబుగారి వైపు తిరిగారు. ఆయన లేచి తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో మడిచారు.

"ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటానండి. కూర్చోవద్దంటే నిలబడతాను. ఇద్దరూ పెద్దలేనండి, నేను కాదనను. పిల్లలకి జ్వరం మాత్రం పిటిషన్ పెట్టి రాదు కదండి."

చివరికి కాగితం మీద రాసినది ఇది: రోడ్డు హద్దులో గాని, మసీదు హద్దులో గాని ఊదరాదు. పెద్దమనుషులిద్దరూ సంతోషంగా సంతకం పెట్టారు. సిరా ఆరాక తహసీల్దారుగారు అన్నారు, "ఈ రెండు హద్దులకీ మధ్య ఎవరిదీ కాని జాగా ఏమైనా ఉంటే, అక్కడ ఊదుకోవచ్చు. కొలిపించండి. సర్వేయరు మూడు మండలాలకి ఒక్కడే, పై నెలగ్గానీ రాడు. ఊళ్ళో కొలిచేవాళ్ళు లేరా?"

ఇద్దరూ నన్నే చూపించారు. వాళ్ళిద్దరి ఇళ్ళ ద్వారబంధాలకీ కలప కొలిచింది నేనే. ఇద్దరికీ ఒక అంగుళం కూడా తేడా రాలేదు.

మర్నాడు పొద్దున కొలత. కాలువ వైపు మా అడితి ముందు పాత హద్దురాయి ఉంది. రికార్డులో ఆ రాయి నుంచి రోడ్డు వెడల్పు ఇరవై నాలుగడుగులు. మసీదు కాగితాల ప్రకారం మసీదు స్థలం దాని గోడ బయటి అంచుతో సరి. కాబట్టి రాయి నుంచి గోడకి ఇరవై నాలుగడుగులే ఉంటే మధ్యలో ఏమీ లేనట్టు. వీధంతా వచ్చి నిలబడింది. టిఫిన్లమ్మ మనవరాలిని ఎత్తుకుని ముందు వరసలో ఉంది. ఆసుపత్రి సూదుల నలుపు ఇంకా పోలేదు ఆ పిల్ల చేతి మీద. సాయిబుగారు టేపు మొదలు పట్టుకుని రాయి దగ్గర కూర్చున్నారు. నేను గోడ దగ్గరికి లాక్కెళ్ళి, టేపు బిగించి, అంకె చదివాను.

"ఇరవై ఆరడుగుల తొమ్మిదంగుళాలు."

రాయి దగ్గర సాయిబుగారు ఒకసారి దగ్గారు.

తహసీల్దారుగారు రాసుకున్నారు. "ఇరవై ఆరడుగుల తొమ్మిదిలో ఇరవై నాలుగు పోతే రెండడుగుల తొమ్మిదంగుళాలు. రోడ్డుదీ కాదు, మసీదుదీ కాదు. సాయిబుగారూ, కుర్చీ పడుతుందా?"

"నా కుర్చీ ఇరవై అంగుళాలండి" అన్నారాయన.

పిటిషన్లగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "కుర్చీ ఆ జాగాలో ఉంటుంది సరేనండి, ఊదిన గాలి రోడ్డు మీదకొస్తుంది కదా? హద్దు దాటినట్టు కాదా?"

"గాలికి సర్వే నంబరు లేదండి" అన్నారు తహసీల్దారుగారు, జీపు ఎక్కుతూ.

గోడ నుంచి రెండడుగుల తొమ్మిదంగుళాల మేర సున్నంతో గీత గీశాను. ఆ సాయంత్రం నుంచి సాయిబుగారు ఆ గీత లోపల కుర్చీ వేసుకున్నారు. తల్లులు గీత బయట నిలబడేవారు. పిటిషన్లగారు పొద్దున వాకింగుకి వెళ్తూ, కార్యదర్శి నమాజుకి వస్తూ, కుర్చీ కాలు గీత దాటిందేమోనని ఒక చూపు చూసేవారు. ఆరేళ్ళలో ఒక్కసారీ దాటలేదు. వర్షాకాలం గీత చెరిగిపోతే సాయిబుగారే నన్ను పిలిచి మళ్ళీ వేయించేవారు. నేను అటుగా వెళ్తే చెయ్యెత్తి, "మీ జాగాలోనే ఉన్నానండి!" అనేవారు. ఆయన మర్యాద అందరికీ తెలుసు కనక విన్నవాళ్ళు అది కృతజ్ఞత అనుకునేవారు.

మధ్యాహ్నం నమాజుకీ సాయంత్రం నమాజుకీ మధ్య, చాప మీద నడుం వాల్చి, ఆయన పోయారు. కబురు మైకులో ఇంకెవరో చెప్పారు. దగ్గు లేకుండా మైకు మాట్లాడేసరికి, వీధిలో ఎవరికీ అది ఆయన గురించి అని వెంటనే అర్థం కాలేదు.

వారం తిరక్కుండానే తల్లులు మళ్ళీ గీత దగ్గర నిలబడ్డారు. ఊదే మనిషి లేడని తెలుసు, అయినా వచ్చారు. నర్సమ్మ చూసి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుని చీటీలడగడం మొదలుపెట్టింది. మొదటి తల్లి చీటీ ఇచ్చి కదల్లేదు.

"చీటీ సరేనండి నర్సమ్మగారూ. ఊదండి మరి."

"నేనా? నాకేం వచ్చమ్మా?"

"వచ్చింది చదవండి. ఆయనేం చదివేవారో మాకు మాత్రం తెలుసా ఏంటండి?"

నర్సమ్మ అటూ ఇటూ చూసింది. కళ్ళు మూసుకుని తనకొచ్చిన ప్రార్థనేదో చదువుకుని, మూడుసార్లు ఊదింది. మర్నాడు ఆమె చేతిసంచీలో లవంగాల పొట్లం కనిపించింది. వాళ్ళ చర్చి పెద్దలకి ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిస్తే మూడో పిటిషన్ వస్తుందని నా అంచనా.

ఇదిగో, ఆ కుర్చీ పక్కకి జరిపి ఫ్లెక్సీలు కట్టారు. కొలవడానికి ఈసారి ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. చేతిలో లేజరు మెషీను, సబ్బు బిళ్ళంత ఉంది. నా టేపు చూసి నవ్వి, "మీరు రెస్టు తీసుకోండి అంకుల్" అన్నాడు. రాయి మీద మెషీను పెట్టాడు. గోడ మీద ఎర్రచుక్క పడింది.

"ఇరవై నాలుగడుగులు. సరిగ్గా" అన్నాడు. "ఇక్కడ ఖాళీ జాగా అనేదే లేదండి. గోడ దాకా రోడ్డే. ఫ్లెక్సీలు రెండూ తీసెయ్యాలి, ఆ కుర్చీ కూడా."

కుర్చీ పోతే చీటీ పోతుంది. చీటీ పోతే ఏమవుతుందో ఆరేళ్ళ కిందట చూశాం. నర్సమ్మ నా వైపు చూసింది. నోరు తెరుద్దామనుకున్నాను, తెరిస్తే ఏ అంకె చెప్పాలో తెలియలేదు.

నేను నోరు తెరిచే లోపలే పిటిషన్లగారు ముందుకొచ్చారు.

"జాగా లేదంటారేంటండి! ఆరేళ్ళు ఆయన ఎక్కడ కూర్చున్నాడండి మరి, గాల్లోనా?"

"మెషీను అబద్ధం చెప్పదండి" అన్నాడు ఇంజనీరు.

"మీ మెషీను నిన్నగాక మొన్నొచ్చింది. రెండడుగుల తొమ్మిదంగుళాలు ఉంది ఇక్కడ. నా కళ్ళతో రోజూ చూశానండి" అన్నాడు కార్యదర్శి.

"కుర్చీ కాలు గీత దాటిందేమోనని ఆరేళ్ళు పొద్దున్నే చూశాను. లేని గీత చూశానా నేను?" అన్నారు పిటిషన్లగారు. "కాగితం ఉందండి. తహసీల్దారుగారు రాసినది. నా సంతకం, ఈయన సంతకం, రెండూ ఉన్నాయి."

ఆ ఇద్దరూ జీవితంలో ఏకాభిప్రాయానికి రావడం అది రెండోసారి. మొదటిసారి ఆయన్ని ఆ చోటు నుంచి లేపడానికి. రెండోసారి ఆ చోటు ఉందని సాక్ష్యం చెప్పడానికి.

ఇంజనీరు ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. కాగితం తిప్పి, కింద నా సంతకం చూసి, నన్నడిగాడు. "ఏమంటారండి మీరు?"

"ఆ కాగితం మీద అంకె నేను చదివినదేనండి" అన్నాను. అందులో అబద్ధం లేదు.

అతను కాసేపు మెషీను వైపూ, కాసేపు మనుషుల వైపూ చూశాడు. మనుషులు ఎక్కువగా ఉన్నారు. 'పాత కొలత యథాతథం' అని రాశాడు. ఎవరిదీ కాని జాగాలో ఎవరూ ఏమీ కట్టకూడదు కనక ఫ్లెక్సీలు రెండూ విప్పించాడు. కుర్చీ కట్టడం కాదు కనక ఉండొచ్చన్నాడు. నర్సమ్మ దాన్ని మళ్ళీ గీత లోపలికి లాక్కుంది.

నేను అడితికి వచ్చి టేపు చుట్టుకున్నాను. రంపం కింద తెగిన దాని మొదలు ఎంతో ఇప్పటిదాకా చెప్పలేదు. రెండడుగుల తొమ్మిదంగుళాలు. ప్రతి కొలతలోనూ అంత తీసెయ్యాలి. ఆ ఒక్కరోజు తియ్యలేదు. మరిచిపోయావా అని ఎవరైనా అడిగితే, ఇరవై రెండేళ్ళలో నేను మరిచిపోయిన రోజు లేదని మాత్రం చెప్పగలను. ఈ వ్యాసంలో ఊరి పేరు రాయకపోవడానికి కారణం కూడా అదే.

కొస పట్టుకున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? తెగిన అంచు ఆయన వేళ్ళ మధ్యే ఉంది. ఆ రోజు ఆయన ప్రశ్న అడగలేదు. దగ్గారు, అంతే. నాలుగు సెకన్లయింది, పదయింది, అజా లేదు, ప్రశ్న లేదు. ఆరేళ్ళపాటు ఇంకెక్కడ కొలిచినా కొస పట్టుకున్నారు గాని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక్కసారి ఎత్తారు. పోవడానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం. గీత బయట పద్నాలుగు మంది తల్లులున్నారు. నేను రోడ్డు దాటుతుంటే, బుగ్గలో లవంగంతో, ఒకరి చీటీ మీద వరసలు లెక్కపెడుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

"తీసెయ్యాల్సింది తీసేశారాండి?"

"ఇంకా లేదండి" అన్నాను.

"తొందరేం లేదండి" అని, తరవాతి బిడ్డని దగ్గరికి రమ్మన్నారు.